కార్డు తిప్పి చూడు చెల్లెమ్మా

పాత పోస్టుకార్డులు, అందులోనూ గ్రంథాలయాల బొమ్మలున్నవి ఏరి దాచుకుంటున్నానని నువ్వు చెప్పగానే మీ అత్తగారు ఏమని ఉంటారో ఊహించుకుని నవ్వుకున్నా. బంగారం కూడబెట్టే కోడళ్ళను చూశారు, పట్టుచీరలు కూడబెట్టేవాళ్ళను చూశారు, స్టీలు సామాన్లు అటకెక్కించేవాళ్ళనూ చూశారు. ఈ కాగితం ముక్కలేంది, వీటికి బీరువాలో ఒక అరేంది అని సణిగే ఉంటారు. సణగనీ. వంటింట్లో తాలింపు డబ్బా ఎంత పద్ధతిగా సర్దుకుంటారో ఆమె, అంత పద్ధతి నీ కార్డుల అరలోనూ కనిపిస్తే కొన్నాళ్ళకు ఆమే నలుగురికీ పిలిచి చూపిస్తారు.

ఈ పిచ్చి నీ ఒక్కదానిదే అనుకోకు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం గ్రంథాలయాలకు డైరెక్టరుగా చేసిన నార్మన్ స్టీవెన్స్ అనే ఆయన పాతిక వేలకు పైగా కార్డులు పోగేశాడు. అన్నీ గ్రంథాలయాలవే. ఎట్లా పోగెయ్యాలో, ఏం చూసి కొనాలో 1986లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఆయన పోగు తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో, భవన నిర్మాణ కళ మీద పనిచేసే ఒక పెద్ద సంస్థకు చేరింది. అంటే ఇల్లు కట్టేవాళ్ళకూ అది పనికొచ్చే సరుకేనన్నమాట. ఈ ముక్క మీ ఇంట్లో వినబడేట్టు చదువు.

అన్ని వేల కార్డులు ఎక్కడ దొరికాయంటావేమో. దానికి కారణం ఆండ్రూ కార్నెగీ. ఉక్కు వ్యాపారంలో సంపాదించిన సొమ్ముతో 1883 నుంచి మొదలుపెట్టి ప్రపంచమంతా కలిపి సుమారు రెండున్నర వేల గ్రంథాలయాలు కట్టించాడు. అందులో పదహారు వందలకు పైగా అమెరికాలోనే. ఊరికే ఇవ్వలేదు. స్థలం ఊరివాళ్ళే చూపించాలి, తానిచ్చిన సొమ్ములో పదో వంతు ఏటా నడిపే ఖర్చుకింద ఊరే పెట్టుకోవాలి అని షరతు. చిన్న చిన్న ఊళ్ళలో అంతటి భవనం అదొక్కటే. అది లేచిందంటే చాలు, ఫొటో తీసేవాడు దిగేవాడు, మందుల షాపు వాడు కార్డులు అచ్చేయించి బల్ల మీద పెట్టుకుని అమ్మేవాడు. మా ఊరికీ ఒకటుంది చూడండహో అని ప్రతి ఊరూ చుట్టాలకు పంపుకునేది.

మా పెద్దమ్మాయి ఇండియానాలో ఉంటుంది గదా, ఆ రాష్ట్రంలోనే కార్నెగీ గ్రంథాలయాలు అన్నిటికన్నా ఎక్కువ. అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో చెప్పుల పెట్టెల నిండా కార్డులు నిలబెట్టి అమ్ముతారట. అది పంపిన వాటిలో ఒకటి ఇప్పుడు నా ముందే ఉంది. ఎర్ర ఇటుకల భవనం, ముందు నాలుగు తెల్ల స్తంభాలు, వెడల్పాటి మెట్లు. అసలు ఫొటో నలుపు తెలుపే, అచ్చులో రంగులు అద్దారు. ఆకాశానికి పూసిన నీలం ఒక మూల కప్పు దాటి గోడ మీదికి పాకింది. మెట్ల పక్కన గోడకు ఆనించిన సైకిలు ఒకటి, మనిషి మాత్రం ఎక్కడా లేడు. తిప్పి చూస్తే ఆకుపచ్చ రంగు ఒక సెంటు స్టాంపు, 1910 నాటి ముద్ర, పెన్సిలు రాత. ఆ రాతలో గ్రంథాలయం ఊసే లేదు. దగ్గు తగ్గలేదని, ఆదివారం రైలుకు వస్తున్నానని, అప్పటిదాకా కోడిపెట్టలను చూసుకోమని. ముందువైపు ఊరి గొప్ప, వెనకవైపు ఇంటి గోల. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది, దాచను.

నువ్వు పంపిన ఫొటోలన్నీ కార్డుల ముందువైపువే. అందుకే ఇంత చెప్తున్నా. కార్డు వయసు తెలియాలంటే వెనక్కి తిప్పాలి. అమెరికాలో 1907 మార్చి దాకా వెనకవైపు చిరునామా తప్ప ఇంకేమీ రాయనిచ్చేవాళ్ళు కాదు. చెప్పాల్సిందంతా బొమ్మ చుట్టూ ఉన్న కాస్త ఖాళీలో ఇరికించేవాళ్ళు. అందుకే ఆనాటి కార్డుల్లో భవనం మెట్ల మీద, చెట్ల మీద, చివరికి ఆకాశంలో కూడా అక్షరాలుంటాయి. వెనక నడిమిన గీత గీసి ఎడమ పక్క కబురు, కుడి పక్క చిరునామా రాయడం ఆ తర్వాత వచ్చింది. ఇంగ్లండులో అది 1902లోనే మొదలైంది. బొమ్మ చుట్టూ తెల్ల అంచు వదిలితే ఇంచుమించు 1915 తర్వాతిది. గుడ్డ నేసినట్టు గరుకుగా తగిలితే 1930 తర్వాతిది. ఇవి అమెరికా లెక్కలు, మన కార్డులకు యథాతథంగా పెట్టకు.

ఇంకొకటి, భూతద్దం కొనుక్కో. నాన్న పంచాంగం చూసుకునేది ఉందిగా, అలాంటిదే చాలు. బొమ్మ మీద పెట్టి చూస్తే సన్నని చుక్కలు చుక్కలుగా కనబడితే అది అచ్చు. చుక్కల్లేకుండా నీడలు నున్నగా కలిసిపోతే అది అసలు ఫొటో కాగితం మీద కడిగిన కార్డు. అలాంటివి కొద్దిగానే తీసేవాళ్ళు కాబట్టి విలువెక్కువ. ఈమధ్య పాత బొమ్మలను కంప్యూటర్‌లో ముద్రించి, టీ నీళ్ళలో ముంచి పాతవని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. భూతద్దం కింద వాళ్ళ బండారం బయటపడుతుంది.

సరే, ఇగ మన దేశం సంగతి. మన దగ్గర పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది, కాలణాకు. ఆస్ట్రియావాళ్ళు 1869లో మొదలుపెట్టిన పదేళ్ళకే. బొమ్మల కార్డులు మాత్రం ఆ శతాబ్దం ఆఖరులో వచ్చాయి. మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్, స్పెన్సర్ వంటి కంపెనీలు అమ్మేవి. చాలావాటి వెనక చిన్న అక్షరాల్లో జర్మనీలోనో, అక్కడి సాక్సనీలోనో అచ్చయినట్టు ఉంటుంది. రంగుల అచ్చులో వాళ్ళదే పైచేయి మరి. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూసుకుపోయింది.

మన దేశపు గ్రంథాలయాల కార్డులు వెతికేటప్పుడు ఒక కిటుకు గుర్తుపెట్టుకో. గ్రంథాలయం అనే మాట మీద వెతికితే సగం దొరకవు. బొంబాయి టౌన్‌హాల్ అని రాసి ఉన్న కార్డు చూడు, ఆ పెద్ద మెట్ల మీదున్నది ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయమే. కలకత్తా మెట్కాఫ్ హాల్ అని ఉంటే అది 1903లో ఇంపీరియల్ లైబ్రరీ తెరిచిన చోటు. ఇప్పటి జాతీయ గ్రంథాలయానికి తాతగారన్నమాట. మద్రాసులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం మ్యూజియం ఆవరణలోనే ఉంది కాబట్టి చాలాసార్లు మ్యూజియం పేరుతోనే దొరుకుతుంది. అమ్మేవాడికే తెలియదు తానేం అమ్ముతున్నాడో. మనకు తెలిస్తే చాలు, బేరం మన వైపే ఉంటుంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతుకు. కార్డులు విడిగా కనబడవు. పాత పుస్తకాల మధ్య పేజీ గుర్తుగా పెట్టి మరిచిపోయినవి దొరుకుతాయి.

ఇప్పుడు అసలు మాటకొస్తా. మన తెలుగు గ్రంథాలయాల బొమ్మ కార్డులు దొరకట్లేదక్కా అని బాధపడ్డావు చూడు, దాని గురించి.

దొరకవు చెల్లెమ్మా. ఎందుకంటే బొమ్మ కార్డు కొనేవాడు ఎవరు? ఎక్కువగా దొరలు, సిపాయి అధికార్లు, మిషనరీలు, ఓడలెక్కి తిరిగేవాళ్ళు. వాళ్ళకు చార్మినారు కావాలి, గోల్కొండ కావాలి, గుడి గోపురం కావాలి, నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి కావాలి. మన గ్రంథాలయం వాళ్ళ కళ్ళకు ఏమని కనిపిస్తుంది? చాలా ఊళ్ళలో అది ఎవరింట్లోనో వీధివైపు గది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న పుట్టింది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే. నాయని వేంకట రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు గార్లు తోడయ్యారు. ఆ కొమర్రాజు వారు పుట్టింది పెనుగంచిప్రోలు, మన మధిర పొలిమేర దాటితే అదే. సుల్తాన్ బజార్‌లో భాషానిలయానికి సొంత భవనం ఏర్పడేసరికి 1921 వచ్చింది. అప్పటికి రావిచెట్టు రంగారావు గారు పోయి పదకొండేళ్ళు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ఆ భవనానికి విరాళమిచ్చారు. భర్త పోయిన ఇల్లాలు ఆ రోజుల్లో పుస్తకాల ఇంటికి డబ్బు తీసివ్వడం ఎంత మాటో నీకు వేరే చెప్పాలా? ఆ భవనానికి పోస్టుకార్డు ఉంటే నేను ఆమె పేరు మీదే దాచుకునేదాన్ని.

హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904, సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం 1905. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు 1898లో మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం తర్వాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1914 ఏప్రిల్‌లో గ్రంథాలయాల వాళ్ళంతా ఒకచోట కూడి సంఘం పెట్టుకున్నారు. 1920లలో మన మధిరలోనూ గ్రంథాలయ సభ జరిగింది. నిజాం ఇలాకాలో సభ పెట్టడమంటే మామూలు పని కాదు, గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండేది, ముందు అనుమతి తీసుకోకుండా నలుగురు కూడితే తంటా. పుస్తకాలు చదివే గది మీద కూడా పోలీసు కన్ను ఉండే కాలంలో, దాని ముందు నిలబడి బొమ్మ కార్డు తీయించుకునే సరదా ఎవరికుంటుంది?

పెద్ద భవనాలు లేవని కాదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఇప్పుడు మనం రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అంటున్నది 1891లో పెట్టిన ఆసఫియా. ఆ భవనానికి 1932లో పునాది వేసి 1936లో తెరిచారు. బస్సు దిగి తల ఎత్తి చూస్తే మెడ నొప్పెడుతుంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైతే, 1929లో గాంధీ గారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే దాచారు. ఇవి బొమ్మకు నిలబడే భవనాలు. ఇంకొకటుంది, దాని కార్డు ఎవరైనా అచ్చేసి ఉంటే నా దగ్గరున్నవన్నీ ఇచ్చి మార్చుకుంటా. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పునాదీ లేదు, గోడా లేదు, రేవు రేవుకూ ఆగి పుస్తకాలిచ్చేది.

కాబట్టి నేను నీకు చెప్పేదేంటంటే, మన వైపు గ్రంథాలయం కార్డు కావాలంటే బొమ్మ కోసం చూడకు. గ్రంథాలయం నుంచి బయల్దేరిన కార్డు కోసం చూడు. మామూలు సర్కారు కార్డే, ఒక పక్క రాజుగారి తల, రెండో పక్క గుమాస్తా రాత. ఫలానా పుస్తకం గడువు దాటింది, పంపించగలరు అని. వార్షికోత్సవానికి దయచేయండి అని. చందా బాకీ ఉంది అని. ఆ చివర ఊదారంగు రబ్బరు స్టాంపు, గుండ్రంగా గ్రంథాలయం పేరు, నడిమిన ఊరి పేరు, కింద కార్యదర్శి సంతకం. బొమ్మ కన్నా ఆ ముద్ర నాకు ఎక్కువ. భవనం లేని గ్రంథాలయానికి కూడా ముద్ర ఉండేది.

మన ఖమ్మం, భద్రాచలం వైపు ఇలాంటి కార్డు దొరికితే ఇంకా రంజు. ఎందుకంటావా? గోదావరికి ఈ పక్క బూర్గంపాడు నిజాం రాజ్యం, ఆ పక్క భద్రాచలం దొరల మద్రాసు రాజధాని. నిజాంకు సొంత తపాలా ఉండేది, 1869 నుంచే సొంత స్టాంపులు. ఆ పాత స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలూ ఉంటాయి. కానీ అవి ఆ రాజ్యం లోపలే చెల్లేవి. నది ఒడ్డున నిలబడి కేకేస్తే వినబడే ఊరికి కార్డు రాయాలన్నా పరదేశం లెక్కే. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసేదాకా ఇదే తీరు. ఆ పక్కవాళ్ళకు రాకపోకలన్నీ పాపికొండల మధ్యనుంచి లాంచీల మీద రాజమండ్రి వైపు, మనకేమో రైలు మీద వరంగల్లు, బెజవాడ వైపు. నది మీద వంతెన 1965లో గాని పడలేదు. అప్పటిదాకా పుస్తకమైనా, ఉత్తరమైనా, రాములవారి కల్యాణానికి పోయే చుట్టమైనా రేవు దాటాల్సిందే. అందుకే భద్రాచలం చదువరికి గౌతమీ గ్రంథాలయం దగ్గర చుట్టం, హనుమకొండ భాషానిలయం దూరపు చుట్టం.

భద్రాచలం చిరునామా చూసి కార్డు వయసు చెప్పొచ్చు, ఇది ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ ఉండదు. తూర్పు గోదావరి జిల్లా అని, పక్కన మద్రాసు రాజధాని ప్రస్తావన ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 తర్వాతి మూడేళ్ళది. ఖమ్మం జిల్లా అని ఉంటే 1959 తర్వాతిది, ఎందుకంటే భద్రాచలం, నూగూరు తాలూకాలను అప్పుడే ఇటు కలిపారు. భద్రాద్రి కొత్తగూడెం అని ఉంటే 2016 అక్టోబరు తర్వాతిది. పిన్‌కోడు కనబడిందా, అయితే ఎంత పాతదని ప్రమాణం చేసినా 1972 ఆగస్టుకు ముందుది కాదు. ఖమ్మం సంగతి కూడా అంతే, 1953 దాకా వరంగల్లు జిల్లాలోదే, పాత ముద్రల్లో ఖమ్మంమెట్టు అనే పేరు చూసి కంగారు పడకు. భద్రాచలం రోడ్ అని ముద్ర ఉంటే అది భద్రాచలం కానే కాదు, కొత్తగూడెం రైల్వే స్టేషను. అక్కడ దిగి దేవుడి దగ్గరికి ఇంకా నలభై కిలోమీటర్ల అడవి దారి.

నిజాం వైపు వాళ్ళు రాసిన కార్డుల మీద 1339, 1345 అని సంవత్సరాలుంటే అవి ఫసలీ లెక్కలు. 590 కలుపు, ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. మా మరిది ఒకసారి అలాంటిది చూసి కాకతీయుల కాలం నాటిదా వదినా అన్నాడు. ఇంజనీరింగు చదివినవాడు!

ఇంకో తమాషా. 1931లో నిజాం సర్కారు బొమ్మల స్టాంపులు తీసింది. చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ద్వారం ఉన్న ఆ వరసలో పన్నెండణాల స్టాంపు మీద బీదరు మదరసా బొమ్మ ఉంది. బహమనీల మంత్రి మహమూద్ గవాన్ 1472 ప్రాంతంలో కట్టించాడు, అందులో మూడు వేల రాతప్రతులు ఉండేవని చెప్తారు. ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి భవనంలో కొంత భాగం కూలింది. అంటే చూడు, పుస్తకాలు పోయాయి, వాటి ఇంటి బొమ్మ మాత్రం స్టాంపెక్కి ఊరూరా తిరిగింది. గ్రంథాలయ భవనం బొమ్మ కావాలని అంత పట్టుదలగా ఉంటే ముందు ఈ స్టాంపు వెతుక్కో.

మన కార్డులు చేతికి వచ్చినప్పుడు నడిమిన చిల్లు కనబడితే ధర తగ్గించమని అడగొచ్చు గాని, మొహం మాత్రం చిట్లించకు. మన ఇళ్ళలో ఉత్తరాలు దాచే పద్ధతి అదే గదా. దూలానికి వేలాడే ఇనుప తీగ, కింద చెక్కబిళ్ళ, వచ్చిన కార్డు వచ్చినట్టు గుచ్చేయడమే. తీగ తుప్పు అంటుకుని చిల్లు చుట్టూ ఎర్రగా మచ్చ కూడా ఉంటుంది. బయటి దేశాల కొనుగోలుదారులు దాన్ని దెబ్బతిన్న సరుకంటారు. నేనైతే దాన్ని బట్టే అది ఒక ఇంట్లో ఉండి వచ్చిందని నమ్ముతా. నాలుగు మూలలా పసుపు ఉంటే శుభవార్త. చావు కబుర్ల కార్డులు దొరకవు, చదవగానే చింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంచకూడదని. అందుకే ఏ ఇంటి తీగ చూసినా అందరూ క్షేమంగా ఉన్నట్టే ఉంటుంది.

ఆడవాళ్ళ పేరుతో వచ్చిన గ్రంథాలయం కార్డు మాత్రం నాకింతవరకు దొరకలేదు. మన అమ్మమ్మ పుస్తకాల పురుగే, కానీ పుస్తకం తమ్ముడి పేరు మీద వచ్చేది, గడువు దాటిందన్న కార్డూ ఆయన పేరు మీదే వచ్చేది, తిట్లు కూడా ఆయనకే. నీకు గనక ఫలానా అమ్మగారికి అని రాసిన పాత గ్రంథాలయం కార్డు దొరికితే ధర అడక్కు, కొనెయ్. సగం డబ్బు నేనిస్తా.

దాచుకునే పద్ధతి కూడా చెప్పి ఊరుకుంటా. మొట్టమొదటిది, లామినేషన్ చేయించొద్దు. మనవాళ్ళకు విలువైన కాగితం కనబడితే చాలు లామినేషన్ షాపుకు పరుగెత్తడం అలవాటు. ఆ వేడికి, జిగురుకు కార్డు ప్రాణం పోతుంది, మళ్ళీ విడదీయలేవు. సెల్లోటేపు అంతకన్నా పాపం, పదేళ్ళకు పచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు. రెండో మాట, పిల్లలు స్టాంపుల సరదాతో కార్డును నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీయకుండా చూసుకో. స్టాంపు, దాని మీద ముద్ర, పక్కన చిరునామా మూడూ కలిసుంటేనే సాక్ష్యం. నువ్వేమైనా రాసుకోవాలంటే విడి కాగితం మీద రాయి. తప్పనిసరైతే మెత్తటి పెన్సిలుతో మూలన సన్నగా.

మన అడవి వైపు వానాకాలం సంగతి నీకు తెలుసు, జూలై నుంచి మూడు నెలలు బట్టలే ఆరవు. కార్డులు గోడ బీరువాలో పెట్టకు, గోడ చెమ్మ పీలుస్తుంది. ఇనుప బీరువాలో పై అరలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు వేసి పెట్టు. కలరా ఉండలు కాగితానికి తగలనీయకు. దసరా తర్వాత ఎండ కాసినప్పుడు తీసి నీడన ఆరబెట్టు. ఎండలో కాదు, నీడన.

ఒకరి ఇంటి కార్డు చేతికొచ్చిందని అందులోని అప్పుల గొడవలు, పెళ్ళి సంబంధాల బేరాలు ఫేస్‌బుక్‌లో పెట్టకు చెల్లెమ్మా. వాళ్ళ మనవలు ఇక్కడే ఎక్కడో ఉంటారు. ముద్ర చూపించు, చిరునామాలో పేరు కప్పు.

పాతవి ఏరుకోవడమే కాదు, ఇప్పుడున్నవి కూడా కార్డులెక్కించాలని నాకు కొన్నాళ్ళుగా ఉంది. మద్రాసు చట్టం 1948లో, హైదరాబాద్ చట్టం 1955లో, రెండూ కలిపి ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో వచ్చాక మన ఊళ్ళలో శాఖా గ్రంథాలయాలు లేచాయి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు వాటికే. పెంకుల కప్పు, ముందు వరండా, పొడవాటి బల్ల, పేపరు కోసం కాచుకుని కూర్చునే రిటైరు మాస్టర్లు. వీటికి ఎవరు బొమ్మ కార్డు అచ్చేశారు చెప్పు? పోలవరం ముంపు కింద 2014లో ఆంధ్రకు పోయిన మండలాలున్నాయి గదా, కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు. రాష్ట్రం మారినా చింతూరు చిరునామాలో 507 పిన్‌కోడే నడిచింది, తపాలా లెక్కలో అది మన చుట్టమే. ఆ ఊళ్ళలో బడి గదిలోనో, పంచాయతీ మూలనో నాలుగు బీరువాల పుస్తకాలు కనబడితే, అది మునిగేలోపల ఫొటో తీయాలి.

నేను ఈ సెలవుల్లో కూనవరం వైపు పోతా. నువ్వు మధిర వైపు చూడు, అటు పాత గ్రంథాలయ సభల వాళ్ళ మనవల ఇళ్ళలో ఇనుప తీగ ఏదైనా వేలాడుతుందేమో అడుగు. తీసిన ఫొటోను కార్డు సైజులో మందపాటి కాగితం మీద కడిగించి, వెనక నడిమిన గీత గీసి, ఎప్పుడు తీశావో, లోపల ఏ పుస్తకాలున్నాయో, ఎవరు చదువుతున్నారో రెండు ముక్కలు రాసి నాకు పోస్టు చెయ్. స్టాంపు ఎంతది అతికించాలో కౌంటర్లో అడుగు, మామూలు కార్డయితే ఇప్పటికీ అర్ధరూపాయే. కవరులో మాత్రం పెట్టకు, ముద్ర కార్డు మీదే పడాలి. డబ్బాలో కూడా వెయ్యకు, ఆ ఊరి పోస్టాఫీసులోనే ఇచ్చి, తారీకు కనబడేట్టు కొట్టమని పోస్టుమాస్టరు గారిని అడుగు. విసుక్కుంటే రెండోసారి అడుగు.